నా పేరున్న చొక్కాలో నర్సయ్య

నర్సయ్య అన్న అస్తమించాడన్న వార్త మొదట నా మరణవార్తగా మా ఇంటికి చేరింది. చొక్కా జేబు మీద కుట్టిన పేరు చూసి, సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ల దగ్గర ఇంటి నంబరు తీసుకొని, దవాఖాన నుంచి ఎవరో నా భార్యకు ఫోన్ చేశారు. "వెంకటేశం అనేటాయిన మీకేమైతడమ్మా? పాత కచేరీ కాడ పడిపోయిండు. తీస్కచ్చేసరికే పానం పోయింది. జల్ది రాండ్రి" అన్నారట. ఆమె ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, నా నంబరు నొక్కింది. నేను ఎత్తి హలో అన్నాను. ముందు ఏడుపు, ఆ ఏడుపులోంచే ఒక నవ్వు. "నువ్వున్నవా? నిజంగ నువ్వేనా?" అని నాలుగైదు సార్లు అడిగింది. సంగతి తెలిసిన క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, పోయింది నేను కాదు అనుకున్నాను. మరుక్షణం, నా చొక్కాలో ఉన్నది ఎవరో గుర్తొచ్చింది. ఆ మొదటి క్షణాన్ని క్షమించుకోవడం ఇప్పటికీ నా వల్ల కావడం లేదు.

ఆయన్ని ఎరుగనివారికి నాలుగు మాటలు చెప్పాలి. మా పట్టణం నడిబొడ్డున నిజాం కాలంనాటి రాతి కచేరీ ఒకటుంది. రాష్ట్రం వచ్చి, కొత్త జిల్లాలు ఏర్పడి, ఆఫీసులన్నీ ఊరి బయట కట్టిన కొత్త భవనాలకు తరలిపోయాక ఆ కమానుల కింద మిగిలినవి పావురాలు, రెండు గదుల పాత దస్త్రాలు, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు. అందులో పెద్దవాడు నర్సయ్య, చిన్నవాణ్ణి నేను. నేను తెలుగు ఎమ్మే చదివాను. పంతులు కొలువుకు ప్రకటన పడేదాకా అని చేరినవాణ్ణి, ప్రకటన పడ్డ ప్రతిసారీ నా అదృష్టం సెలవులో ఉండి, ఆ నీలం చొక్కాలోనే మిగిలిపోయాను. ఆయన పద్మశాలీల ఇంట పుట్టి, సగం జీవితం గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకొని గడిపినవాడు. నడుము మొరాయించాక మగ్గాన్ని భార్య అండాలమ్మకు వదిలి ఈ కొలువులో చేరాడు. "వంగుడు చాతగాదంటే దేవుడు నిలవడే నౌకరి ఇచ్చిండు తమ్మీ" అని నవ్వేవాడు.

నేతగాని వాకిట్లో పడుగుకు గంజి పట్టించడం ఒక దీక్ష. ఆ దీక్షనంతా ఆయన తన యూనిఫాం మీదికి తెచ్చాడు. ఏజెన్సీ ఇచ్చిన ఆ నాసిరకం చొక్కాను ఇంట్లో గంజిలో ముంచి, నీడలో ఆరబెట్టి, ముడత లేకుండా ఇస్త్రీ చేసి వేసుకొచ్చేవాడు. నడుస్తుంటే చప్పుడయ్యేది. "బట్టకు మనం ఇజ్జతిస్తే బట్ట మనకు ఇజ్జతిస్తది" అన్నది ఆయన మాట. నేనేమో పై గుండీలు రెండూ వదిలేసి గాలికి తిరిగేవాణ్ణి. కనబడ్డప్పుడల్లా దగ్గరికొచ్చి తన చేత్తోనే పెట్టేవాడు. "మెడ గుండీ అంటే దర్వాజా తమ్మీ. తెర్చిపెడితే ఇంట్ల ఎవరు లేరనుకుంటరు." ఎంత ఎండైనా ఆయన మెడ గుండీ విప్పగా నేను చూడలేదు.

యూనిఫాంలో ఉండగా కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఆ కుర్చీ వచ్చేవాళ్ల కోసం. కొత్త ఆఫీసుల సంగతి తెలియక ఇప్పటికీ పల్లెల నుంచి అర్జీలు పట్టుకొని పాత కచేరీకే వచ్చే ముసలివాళ్లున్నారు. కట్టంగూర్ వైపు నుంచి ఒక అవ్వ అలాగే వచ్చింది. ఆఫీసు ఇక్కడ లేదని నేను గేటు దగ్గరే చెప్పి పంపబోయాను. నర్సయ్య ఆమెను పిలిచి కుర్చీ వేసి, కుండలోంచి నీళ్లు ముంచిచ్చి, కట్టె పక్కన పెట్టి ఒక సెల్యూట్ కొట్టాడు. అవ్వ బెదిరిపోయింది. "నాకెందుకు బిడ్డా దండం?" అంది. "కచేరీకి వచ్చినోళ్లకు కొట్టాలె గదవ్వా. సార్లు పోయిండ్రు, నువ్వొచ్చినవు" అన్నాడు. ఆ తరువాత తానే ఆటో ఎక్కించి, కొత్త కలెక్టరేటులో ఏ గదికి పోవాలో డ్రైవరుకు రెండుసార్లు అప్పజెప్పాడు. ఆ అవ్వ పని అయిందో లేదో తెలియదు. కానీ తరువాత ఒకరోజు సీతాఫలాలు తెచ్చి గేటు దగ్గర పెట్టి వెళ్లింది.

పాత కట్టడమంటే పడుచువాళ్లకు పలక. డంగుసున్నం గోడల మీద పేర్లు గీకడం, పక్కన గుండె బొమ్మ వేయడం మా దగ్గర నిత్యకృత్యం. నేనైతే కట్టె ఎత్తేవాణ్ణి. ఆయన ఒకసారి మేకుతో గోడ గీకుతున్న పిల్లవాడి పక్కన నిలబడి ఆసక్తిగా చూశాడు. "మంచిగున్నది బిడ్డా పేరు. ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాడు. "మా నాయిన" అన్నాడు వాడు. "మీ నాయిన నీకు పెట్టిండు గద, మల్ల గోడకెందుకు పెడ్తున్నవు? గోడ నీ లెక్క కాలేజీకి పోతదా?" వాడితో ఉన్న అమ్మాయే ముందు నవ్వింది. మేకు జేబులో పడింది. వాళ్లకు కచేరీ అంతా తిప్పి చూపించి పంపాడు.

సాయంత్రం తాళాలు వేసే ముందు ప్రతి గది గుమ్మంలో నిలబడి "ఎవలన్న ఉన్నరా లోపట? తాళమేస్తున్నా" అని గొంతెత్తి పిలిచేవాడు. జవాబు రాదని నిశ్చయం చేసుకున్నాకే గొళ్లెం పెట్టేవాడు. ఖాళీ గదులకు ఈ సుప్రభాతం ఎందుకని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "తాళం బయటోనికి ఏస్తం, లోపటోనికి గాదు" అనేవాడు. నా పని తొందరగా ముగియాలని నేను పిలవకుండానే వేసేవాణ్ణి.

నా కవితలకు తొలి శ్రోత కూడా ఆయనే. మధ్యాహ్నం సద్ది తిన్నాక కమాను నీడలో చదివి వినిపించేవాణ్ణి. కళ్లు మూసుకొని విని, చివర "నాకు సమజ్ గాలే గని, మస్తుగున్నది" అనేవాడు. ప్రతిసారీ అదే తీర్పు. ఆ తీర్పు మీద బతికినవాణ్ణి నేను. పక్క జిల్లా కేంద్రంలో ఒక సాహిత్య సభకు నాకు పిలుపు వచ్చినప్పుడు నాకంటే ఎక్కువ సంబరపడ్డది ఆయన. కానీ అదే రోజు కచేరీకి పెద్ద అధికారులు తనిఖీకి వస్తారని సూపర్‌వైజరు కబురు పెట్టాడు. డ్యూటీ నాది. ఆయనకు సెలవు.

మేము డ్యూటీలు మార్చుకోవడం కొత్త కాదు. అయితే ఎప్పుడు మారినా నా కోసమే మారేవి. నా బదులు నిలబడతావా అన్నా అని అడిగితే అడిగాననుకోండి, అంతటితో ఆగలేదు. అధికారి పేరు చూస్తాడేమో, నా చొక్కా వేసుకొమ్మని కూడా అన్నాను. ఆ ఆలోచన నాదే. ఆయన నా చొక్కాను ఎత్తి వెలుతురుకు పట్టి చూసి నవ్వాడు. "నీ అంగిల నా పొట్ట పడ్తదా తమ్మీ? సరే తియ్, దమ్ము బిగవట్టుకుంట. నువ్వు పోయి శాలువా కప్పుకొని రా" అన్నాడు. చొక్కాను ఇంటికి తీసుకుపోయి, ఉతికి గంజి పెట్టుకున్నాడు.

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో ఆయన పొద్దున్నుంచీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా చాయ్ అమ్మే ఆమె తరువాత నాకు చెప్పింది. ముఖం కందిపోయి చెమటలు కారుతుంటే చూడలేక, నీడకు రమ్మని, కనీసం మెడ గుండీ అయినా విప్పమని ఆమె కేకేసిందట. "సార్లు వచ్చే యాల్లయ్యింది. ఎంకటేశం ఇజ్జత్ పోతదే" అన్నాడట. సార్లు రాలేదు. ఆమె కొట్టు కట్టేసి ఇంటికి వెళ్లాక ఆయన పడిపోయాడు. దారిన పోయేవాళ్లు ఆటోలో వేసుకుపోయారు. వాళ్లకు తెలిసిన పేరు చొక్కా మీద ఉన్నదే.

ఆ సమయానికి నేను కూలర్ల గాలిలో వేదిక మీద ఉన్నాను. చెమట మీద కవిత చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

దవాఖానకు చేరేసరికి ఆయన్ని వరండాలో ఒక బల్ల మీద పడుకోబెట్టారు. చొక్కా గుండీలు అప్పటికి ఎవరో విప్పారు. ఛాతీ మీద నీలం గుడ్డ, దాని మీద తెల్లదారంతో నా పేరు. నా భార్య కబురు పెడితే వచ్చిన అండాలమ్మ వదినె ఆయన తల దగ్గర కూర్చుంది. కప్పడానికి ఏదన్నా బట్ట ఉందా అని నర్సు అడిగింది. నా సంచిలో సన్మానపు శాలువా తప్ప ఏమీ లేదు. దాన్నే తీసి కప్పాను. ఆ రోజు అది దక్కాల్సిన మనిషికే దక్కింది. వదినె దాని అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, ముఖం దాకా సర్దింది.

మరునాడు సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచాడు. "హాజరుల నీ పేరుంది, నువ్వే ఉన్నవు. ఆయన సెలవుల ఉండి ఊకె నిన్ను కలువనీకె వచ్చిండు, ఎండ దెబ్బ తాకింది. చొక్కా సంగతి నువ్వెత్తకు, నేను గుడ ఎత్తను. నోరు మూసుకుంటే నీ కొలువు ఉంటది" అన్నాడు. ఇల్లు, పిల్లల ఫీజులు కళ్లముందు తిరిగాయి. నోరు మూసుకున్నాను. నేను మూసుకున్నాను గానీ ఊరు ఊరుకోదు కదా. సెలవు రోజు కచేరీకి ఎందుకు పోయాడు, ఇంకొకడి అంగి ఎందుకు తొడిగాడు, తాగి పడి ఉంటాడు అని మొదలైంది. కల్లు కంపౌండు పేరు కూడా చెప్పుకున్నారు. గుడ్డకు పరువు ఇచ్చి బతికిన మనిషి పరువును ఊరు చింపుతుంటే, నేను వింటూ తిరిగాను. ఆయన నా పరువు కోసం గుండీ విప్పలేదు. నేను ఆయన పరువు కోసం నోరు విప్పలేదు.

పెద్దకర్మ రోజు బంధువులంతా భోజనాలకు కూర్చోబోతున్నారు. వదినె లోపలికి వెళ్లి ఒక మడత తెచ్చి నా చేతిలో పెట్టింది. నా చొక్కా. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఉంది.

"నీ బట్ట నీకే ముట్టజెప్పాలె గద తమ్మీ. ఇగో, తీస్కో" అంది. నేను తల ఎత్తలేదు. "ఒక్కటి అడుగుత. నలుగురిల చెప్పు. ఆ దినం డ్యూటీల ఉన్నది ఎవలు?"

అన్నం వడ్డించే చేతులు ఆగాయి. ఎలాగో చెప్పాను. "అన్ననే వదినె. నేను సభకు పోయిన. అంగి నేనే తొడుక్కోమన్న. ఆయన చుక్క ముట్టలే."

ఆమె తమ్ముడు ఒక్క ఉదుటున లేచి నా కాలరు పట్టుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. వదినె వాడి చేయి విడిపించింది. నన్ను తిట్టలేదు, శపించలేదు. "ఈడ జెప్తె ఈ నలుగురికే తెల్సె. ఊరందరికి ఎట్ల తెలుస్తది? నువ్వు కైతలు రాస్తవంట గద, గిది రాయి" అంది. తరువాత నన్ను కూర్చోబెట్టి తానే విస్తరి వేసింది. ఆ అన్నం ఎలా దిగిందో నాకే తెలుసు.

అందుకే ఈ వ్యాసం. ఇది అచ్చయ్యాక ఆ చొక్కా నా ఒంటి మీద ఉండకపోవచ్చు. ఉండవలసిన న్యాయం కూడా లేదు. నిన్న సాయంత్రం తాళాలు వేసే ముందు ప్రతి గుమ్మంలో నిలబడి ఆయనలాగే పిలిచాను. "ఎవలన్న ఉన్నరా లోపట?" గోడలు నా గొంతునే నాకు తిరిగిచ్చాయి. ఆ కచేరీకి ఇంకో గార్డు వస్తాడు. అర్జీ పట్టుకొచ్చిన అవ్వకు కుర్చీ వేసి సెల్యూట్ చేసేవాడు మాత్రం రాడు. అన్నా, నీకు అర్థం కాని కవితలు ఎన్నో వినిపించాను. ఇది ఒక్కటైనా నీకు సమజయ్యేలా రాయాలని కూర్చున్నాను. నా సాష్టాంగ నమస్కారాలు నీ పాదాలకు చేరతాయో లేదో తెలియదు. వదినె రాయమన్నది మాత్రం రాస్తున్నాను.

ఆ రోజు పాత కచేరీ గేటు దగ్గర డ్యూటీలో నిలబడి ప్రాణం విడిచినవాడు నర్సయ్య. ఆయన తాగలేదు. నా చొక్కా ఆయనకు బిగుతైంది, అయినా మెడ గుండీ విప్పలేదు. దాని మీద నా పేరుంది కనుక.