నాలుక కింద మాత్ర

కృష్ణగిరిలో బస్సెక్కి, అత్తిముగం వెళ్లాలంటే ఎక్కడ దిగాలని పక్క సీటాయనను అడిగాను. ఆయన నోరు విప్పకుండా, ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. కాసేపటికి మాట్లాడాడు.

"శూలగిరిలో దిగప్పా. నాలుక కింద మాత్ర కరగతా ఉండె, అందుకే పలకలేదు. లారీ బోల్తాపడి నడుం దెబ్బతింటే నొప్పి మాత్రలు మింగినాను. నొప్పి పోయినా అవి నన్ను వదల్లేదు. నేనే నిలిపి చూసినాను, ఒళ్లంతా వణికి మళ్లీ మింగినాను. ఇది జబ్బని చెప్పి డాక్టరమ్మ ఈ మందు ఇచ్చినాక, పనికి పోతాండాను."

ముందు సీటులోంచి ఆయన భార్య నీళ్ల సీసా అందించింది. "అప్పుడు ఆ నొప్పి మాత్రలు ఈయనకి దొరక్కుండా దాచేదాన్ని. ఇప్పుడు ఈ మందు నేనే టయానికి ఇస్తాండాను" అంది.

మా తమ్ముడూ అలాంటి నొప్పి మాత్రల్లోనే చిక్కుకుని ఉన్నాడు. శూలగిరిలో దిగగానే వాడికి ఫోన్ చేశాను. ఎప్పటిలా మానేశావా అని అడగలేదు. "డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, పోదామా?" అన్నాను.