విశ్వకర్మ ముందు పెట్టిన బెల్టు

మా షెడ్డులో విశ్వకర్మ పూజ నాడు పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతాం. రెంచీలు, గ్రైండర్లు, సుత్తులు, వాటితో పాటు ఎత్తు మీద పనిచేసేవాళ్లు కట్టుకునే సేఫ్టీ బెల్టులు కూడా. బొట్టు పెట్టి బంతిపూల దండ వేశాక, మర్నాడు నిమజ్జనం అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఈ ఆచారంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మొన్నటి పూజకి పడ్డ వానతో వచ్చింది.

ఈ హిందీ మాట్లాడే ఉక్కు పట్నంలో, బర్మామైన్స్ అనే పేటలో ఓ ఇరుకు సందు చివర ఉంటుంది మా షెడ్డు. నేనూ మా ఆయనా అక్కడ కాంట్రాక్టు మనుషులం. ఆయన ఫిట్టరు, నేను రంగులేస్తాను. మా మేస్త్రీ నాకు స్వయానా మేనమామ. శ్రీకాకుళం వైపు నుంచి మమ్మల్ని తెచ్చి పనిలో పెట్టింది ఆయనే కాబట్టి ఆయన మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు.

పూజ మధ్యలో వాన దంచి కొట్టింది. పైన ఆస్బెస్టాస్ రేకులు పాతబడి పగుళ్లిచ్చాయి. నీళ్లు సరిగ్గా మట్టి విగ్రహం మీదే కారి, దేవుడి భుజం మీద రంగు కరిగి జారసాగింది. షెడ్డు యజమాని సేఠ్ కంగారుపడి, ఎవరైనా పైకెక్కి టార్పాలిన్ పరవండన్నాడు. మామయ్య మా ఆయన్ని పిలిచాడు. ఈయన చెప్పులు విడిచి, దండం పెట్టుకుని నిచ్చెనెక్కడం మొదలుపెట్టాడు. బెల్టు లేదు. అది దండ వేసుకుని దేవుడి ముందు ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పనిలో చేరినప్పుడు సేఫ్టీ క్లాసులో చెప్పిందే ఇది. పాత రేకు మీద కాలు పెడితే అది విరిగి మనిషి కిందికొస్తాడు. బెల్టు, దాన్ని తగిలించే తాడు, అడుగు వెయ్యడానికి పలకలు లేకుండా ఎవర్నీ ఎక్కించకూడదు. అవన్నీ ఇచ్చే బాధ్యత పని చేయించుకునేవాడిది, ఎక్కేది కాంట్రాక్టు మనిషైనా సరే. ఆ రోజు అందరం సమోసాలు తిని సంతకం పెట్టి వచ్చాం. నేను విన్నాను కూడా.

వెళ్లి, దండ తీసి పక్కన పెట్టి, బెల్టు లాగాను.

"ఓలే, అపచారం! అది దేవుడికాడ ఎట్టింది" అని అరిచాడు మామయ్య.

"మనిషికి కట్టడానికి కొన్నదే కదా మావా. సరే, కడతాను. కొక్కెం ఎక్కడ తగిలిత్తాడో సూపించు."

ఆయన పైకి చూశాడు. అక్కడ తాడూ లేదు, పలకా లేదు.

సేఠ్ కలగజేసుకున్నాడు. "ఆజ్ తో ఛుట్టీ హై" అన్నాడు. ఇవాళ సెలవట, ఇది డ్యూటీ కాదట, దేవుడి సేవట, చట్టం మాటెందుకట!

కోపం నషాళానికంటింది. హిందీలోనే అడిగాను. కప్పు ఎవరిది? నిచ్చెన ఎవరిది? ఎక్కమన్నదెవరు? నడుం విరిగితే సెలవు రోజున విరిగిందని అది అతుక్కుంటుందా? రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు సేఠ్. వస్తానన్నాను.

మా ఆయన నిచ్చెన మధ్యలో నిలబడి మామయ్య మొహం చూస్తున్నాడు.

"ఇంకా సూత్తన్నావేటి, దిగు" అన్నాను. "నువ్వెక్కితే నీ ఎనకాల నేనూ ఎక్కుతాను."

దిగాడు.

"దేవుడు తడిసిపోతన్నాడు గదే" అన్నాడు మామయ్య. పాపం, ఆయన గొంతు ఏడుపులోకి దిగింది. ఆయన భక్తి అబద్ధం కాదు.

"రేపు నదిలో కలిపేత్తాం కదా మావా. ఈ మనిషి నాకు రేపూ కావాలి."

హారతి నా దాకా రాలేదు. ప్రసాదం పంచుతూ మామయ్య నన్ను దాటి వెళ్లిపోయాడు. నేనే లేచి పళ్లెంలోంచి తీసుకుని సగం మా ఆయన చేతిలో పెట్టాను. బెల్టు నా భుజం మీదే ఉంది. తిరిగి దేవుడి ముందు పెట్టమని ఎవరూ అడగలేదు. అడిగినా పెట్టేదాన్ని కాదు.