చేపలాయన

మా పెదనాన్నను ఫ్యాక్టరీలో అందరూ చేపలాయన అనేవారు. అక్కడ సెల్‌ఫోన్లలో పెట్టే సర్క్యూట్ బోర్డులు చేస్తారు. బోర్డులు కడిగిన యాసిడ్ నీళ్లను శుభ్రం చేశాకే బయటికి వదులుతున్నామని చూపించడానికి, గేటు పక్కన గాజు తొట్టిలో ఆ నీళ్లు పోసి చేపలు వేశారు. రోజూ పొద్దున్నే చచ్చినవాటిని తీసేసి, అదే రంగువి బజారు నుంచి తెచ్చి వెయ్యడమే ఆయన ఉద్యోగం.

ఎవరి దగ్గర సరుకు కొనాలో తేల్చడానికి ఫోన్ల కంపెనీ ఏటా ఒక ఆఫీసరును పంపేది. ఆ మహానుభావుడు ఏనాడూ ఫ్యాక్టరీ నీళ్లు వదిలే కాలవ వైపు కన్నెత్తి చూడలేదు. కిందటేడు తొట్టి ముందు నిలబడి మురిసిపోయాడు.

"ఈ ఎర్రది నిరుడు కూడా ఉంది కదండీ. బాగా బలిసింది."

"అవునండి. మీ కోసమే ఎదురుచూస్తోంది," అన్నాడు పెదనాన్న.

పర్యావరణాన్ని కాపాడే ఫ్యాక్టరీ అని ఆర్డరు మళ్లీ వీళ్లకే ఇచ్చారు.

ఆ కాలవ మా వీధి వెనకే పారుతుంది. మా బోరులో నీళ్లు పచ్చగా వస్తాయి. ఆర్డరు వచ్చిన నెలలోనే పెదనాన్న మనవరాలికి ఒళ్లంతా పుండ్లు పడ్డాయి.

"ఏదో ఒకటి చెయ్యండి మావయ్యా," అని కోడలు ఏడ్చింది.



"చేపైతే మార్చేసేవాణ్ణమ్మా," అన్నాడాయన.