తలుపు బయటి నుంచి స్కానింగ్

ఏడాదిగా లోసేలికి పొత్తికడుపులో ఎడమపక్క నొప్పి. చాప అల్లుతూ కూర్చుంటే సలుపు, లేచి నిలబడితే మరీ సలుపు. వవావు దీవి ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం ఒక్కటే. దాన్ని నడిపేవాడూ ఒక్కడే, ఆమె అన్న మనాసే. ఆ దీవి ఆచారంలో అన్న చెవిన పడేలా చెల్లెలు నడుము కింది సంగతులు ఎత్తకూడదు. ఎత్తితే ఇద్దరికీ తలవంపులు.

మొదటిసారి వెళ్ళినప్పుడు వరండాలో అన్న ఎదురుపడగానే "మోకాలు" అనేసింది. మోకాలికి ఎక్స్‌రే తీశారు. రెండోసారి "పన్ను" అంది. పీకించుకొచ్చింది.

"ఈసారి ఏం పీకించుకుంటావే?" అంది మనాసే భార్య, వదిన ఫుసి.

"ఉచ్చలో రక్తం పడుతోంది వదినా."

ఫుసి నవ్వు ఆగిపోయింది. రాజధాని నుంచి డాక్టరమ్మ వచ్చిన రోజున ఆడపడుచును లాక్కెళ్ళింది. స్కానింగ్ తనే చేస్తానంది డాక్టరమ్మ. యంత్రం వెలగలేదు. దాని గుట్టు తెలిసింది మనాసేకే. అతను తలుపు బయట గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఫుసీ, లోపలెవరున్నారో నాకు తెలీదు. ఎడమపక్క గట్టిగా ఒక్కటి చరువు."

ఫుసి చరిచింది.

"నన్ను కాదు వదినా!"

యంత్రాన్ని చరిస్తే తెర వెలిగింది.

"ఇదిగో," అంది డాక్టరమ్మ. "ఎడమ కిడ్నీ నుంచి వచ్చే సిర రెండు పెద్ద ధమనుల మధ్య నలుగుతోంది. దారిలేక రక్తం కిందికి మళ్ళి, పొత్తికడుపులో సిరలు ఉబ్బాయి."

"నేనేమీ వినలేదు!" అంటూ బయట అడుగులు దూరమయ్యాయి.

"కోస్తారా?" అంది లోసేలి.

"ఇప్పుడే వద్దు. చీపురుపుల్లలా ఉన్నావు. ఒళ్ళు చేస్తే లోపల కొవ్వు మెత్తలా చేరి సిరకు చోటిస్తుంది. ఆరునెలలు బాగా తిను. తగ్గకపోతే ఆపరేషన్."

"ఈ దీవిలో డాక్టరు తినమన్నది నిన్నొక్కదాన్నే!" అంది ఫుసి.

ఆ ఆదివారం మనాసే ఇంటి నుంచి కాల్చిన పందిపిల్ల వచ్చింది. పై వారం కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు పొట్లాలు. ఎందుకో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. లోసేలికి బుగ్గలొచ్చాయి, తర్వాత గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది. రక్తం ఆగింది. నొప్పి ఎప్పుడో తప్ప రావడంలేదు.

ఆరునెలలకు డాక్టరమ్మ మళ్ళీ చూసింది. "సిర తెరుచుకుంటోంది. ఆపరేషన్ అక్కర్లేదు."

బయట ధబ్బుమని చప్పుడైంది. ఫుసి తలుపు తీసింది. మనాసే నేలమీద చతికిలబడి, అక్కడివాళ్ళు మర్యాదకు నడుముకు చుట్టుకునే చాప అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమయింది నీకు?"

"జలుబు," అన్నాడు గోడకేసి చూస్తూ.