చేతిలో కాగితం ఉండగా

తిరువూరులో కోర్టు నోటీసులు అందించే ఆ ఆఫీసరమ్మకి ఒక పట్టింపు ఉండేది. చేతిలో కాగితం ఉన్నంతసేపూ ఆ ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టదు. అది పొగరనుకునేవాళ్ళు చాలామంది.

నా భర్త కొడుతున్నాడని కోర్టుకెళ్తే, అతన్ని పిలవకుండానే, అతను ఇల్లు వదిలి వెళ్ళాలని ఆ రోజే ఉత్తర్వు ఇచ్చారు. కానీ కాగితం అందేదాకా, తనకేమీ తెలియదని అతను తప్పించుకోవచ్చు.

మర్నాడు మా గుమ్మం ముందు ఆవిడ వెనకాల నిలబడ్డాను. అతను నన్ను చూడనట్టే నవ్వాడు.

"ఎండన పడి వచ్చారు మేడం, మంచినీళ్ళు తాగండి."

"ముందు ఇది తీసుకోండి."

"లాయర్ని అడిగి రేపు తీసుకుంటానండి."

"తీసుకోకపోతే తలుపుకి అంటిస్తాను. అంటించినా అందినట్టే."

సంచీలోంచి జిగురు సీసా తీసి మూత తిప్పింది. అతను నా వంక చూశాడు. ఆ చూపు తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆవిడ ఒక్క అడుగు పక్కకి జరిగి, నాకు అడ్డంగా నిలబడింది.

అతను సంతకం పెట్టి, కాగితం తీసుకుని బండెక్కాడు. బండి చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఆవిడ కదల్లేదు. తర్వాత లోపలికొచ్చి, కుర్చీలో కూలబడి, చెమట తుడుచుకుంది.

"ఇప్పుడు ఇవ్వమ్మా, మీ ఇంట్లో మంచినీళ్ళు."