నీకొక్కదానికే చెప్తున్న

నా చిన్నప్పుడు మా బడి వార్షికోత్సవమంటే పిల్లలకే కాదు, ఊరంతటికీ పండుగే. ఎల్లారెడ్డిపేట దగ్గర చిన్న పల్లె మాది. మా నాయన తాళ్లెక్కి కల్లు గీసేవాడు, అమ్మ కూలికి పోయేది. ఏడాదిలో ఆ ఒక్క సాయంత్రం మాత్రం కూలికి పోయినవాళ్లంతా పెందలాడే వచ్చి, మొహాలు కడుక్కుని, బడి ముందర చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. తమ పిల్లలు పదిమంది ముందు నిలబడటం వాళ్లకు అపురూపం.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు జగిత్యాల నుంచి మా బడికి కొత్త టీచరమ్మ వచ్చింది. అంతకుముందు పంతుళ్లకు మేమంతా ‘ఏయ్ పిల్లా’లమే. మమ్మల్ని పేరుపెట్టి పిలిచిన మొదటి మనిషి ఆమె. ఆమె నడుస్తుంటే వెనకాల నడవడానికి మేం పోటీలు పడేవాళ్లం. ఆ ఏడు వార్షికోత్సవానికి ఆడపిల్లలతో కోలాటం ఆడిస్తానని పన్నెండుమందిని ఎంచుకుంది. అందులో నేనూ ఉన్నాను.

ఆట నేర్చుకోవడం మొదలైన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం నీళ్లు తాగుతుంటే టీచరమ్మ నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయింది. వంగి, మెల్లగా చెప్పింది.

“నీకొక్కదానికే చెప్తున్న బిడ్డా. గీ ఆటకు నువ్వే పానం. నువ్వు లేకుంటే మొత్తం ఆగమైతది. ఎవ్వలకు జెప్పకు.”

ఆ మాట విన్నాక నాకు నేల మీద కాలు నిలవలేదు. కందికట్టెలు రెండు విరుచుకుని ఇంట్లో గోడతో కోలాటం ఆడాను, మేకపిల్లతో ఆడాను. అన్నం తింటూ కూడా కాళ్లు కదిలించేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా దాచుకోవడంలోనే సగం సంతోషం ఉండేది.

అంతలో కోరుట్లలో మా మేనమామ పెండ్లి కుదిరింది. సరిగ్గా వార్షికోత్సవం రోజునే ముహూర్తం. మామకు నేనంటే పంచప్రాణాలు. జాతరకు పోతే నన్ను భుజాల మీద నుంచి దించేవాడు కాదు. పెండ్లి మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చినప్పుడు వాడకట్టంతా వినేట్టు, “నా కోడలు రాంది నేను పెండ్లి బండెక్క” అన్నాడు. అమ్మ ఆకుపచ్చ లంగా జాకెట్టు కుట్టించింది. నేను మాత్రం రానని మొండికేశాను.

“మేనమామ పెండ్లికి రాకుంట గా బడి కాడ నీకేం పనే? గంతమంది పిల్లలున్నరు గదా!” అని అమ్మ అరిచింది.

నేను లేకపోతే ఆట ఆగమైపోతుందని ఎట్లా చెప్పను? ఎవరికీ చెప్పొద్దంది టీచరమ్మ. ఏడ్చాను, రెండు పూటలు అన్నం ముట్టలేదు. చివరికి అమ్మ విసిగిపోయి నన్ను పక్కింటి అక్కకు అప్పజెప్పి, నాయనను, తమ్ముణ్ణి తీసుకుని కోరుట్ల బస్సెక్కింది. పోతూ పోతూ నాతో మాట్లాడలేదు. పెండ్లికని కుట్టించిన లంగాను మాత్రం దండెం మీద నా కోసం వదిలిపోయింది.

వార్షికోత్సవం నాడు అక్క నాకు తల దువ్వి, పూలు పెట్టి, ఆ లంగా కట్టి పంపింది. ఒక తరగతి గదిలో మేమంతా తయారవుతున్నాం. నాకు జతగా ఆడే పిల్ల మాత్రం గోడకు ఆనుకుని వణుకుతోంది. చెయ్యి పట్టుకుని చూస్తే కాలిపోతోంది.

“గింత జరం పెట్టుకొని ఎందుకొచ్చినవే?” అన్నాను.

“నేను లేకుంటే ఆట ఆగమైతదట. టీచరమ్మ నాకొక్కదానికే చెప్పింది,” అంది.

నేను అర్థంకాక దాని మొహంలోకి చూశాను. జడ వేసుకుంటున్న ఇంకో పిల్ల చెయ్యి ఆపి, “నాకు గూడ గట్లనే చెప్పింది గదా,” అంది. కిటికీ దగ్గర నుంచి మరొకతి, “నాకు గూడ,” అంది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే తలలూపారు. పన్నెండుమందిమీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేక నిలబడ్డాం. అప్పుడే టీచరమ్మ నవ్వుతూ లోపలికి వచ్చి, “నడువుండ్రి బిడ్డలూ,” అంది.

ఆట ఆపేద్దామనుకున్నాను. నడుమ కోల దించేసి నిలబడితే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. కానీ జరంతో ఉన్న ఆ పిల్ల తూలుతూ నా వైపు కోల చాపినప్పుడల్లా నా చెయ్యి లేచింది. దాన్ని గాలిలో ఎట్లా వదిలేస్తాను? ఆట అయ్యాక జనం చప్పట్లు కొట్టారు. ఇంత మంచి కోలాటం ఎన్నడూ చూడలేదన్నారు. నాకు ఆ చప్పట్లు ఇంకెవరికో అన్నట్టున్నాయి.

మర్నాడు టీచరమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి అడిగాను. అందరికీ అదే మాట ఎందుకు చెప్పారని.

ఆమె దాచలేదు. “అబద్ధం గాదు బిడ్డా. ఎవ్వలు తప్పినా ఆట ఆగమే గదా?”

“మరి అందరికి కలిపి చెప్పొచ్చు గదా టీచర్?”

“కలిపి జెప్తే ఎవ్వలు పట్టించుకోరు బిడ్డా.”

“నేను మా మామ పెండ్లికి పోలే,” అన్నాను.

ఆమె నిజంగానే నొచ్చుకుంది. నా తల నిమిరి, “అయ్యో, ఒక్క మాట జెప్తే నేనే పంపిద్దును గదనే. నీ జాగల ఇంకో పిల్లను నిలవెడుదును,” అంది.

ప్రేమగానే అంది. అదే నా మనసును ఎక్కువ విరిచింది. ఇంటికొచ్చి పక్కింటి అక్క ఒళ్లో పడి ఏడ్చాను. అంతా విని అక్క, “పెండ్లి మల్ల రాదు చెల్లె. గని నువ్వు మంచిగ ఆడినవ్. నేను సూసిన,” అంది.

అమ్మ తిరిగొచ్చాక ఇంకో సంగతి తెలిసింది. బండెక్కమంటే మామ ఎక్కలేదట. నేను వస్తానేమోనని ఇంకో బస్సు చూద్దాం, ఇంకో బస్సు చూద్దాం అంటూ నిలబడ్డాడట. పెద్దమనుషులు ముహూర్తం దాటిపోతోందని కోప్పడితే అప్పుడెక్కాడట. అందరి ముందు గట్టిగా అరిచి చెప్పిన ఆ మాటను నేను పరాచికం అనుకున్నాను. చెవిలో చెప్పినదాన్ని నిజమనుకున్నాను.

పెద్దయ్యాక సిరిసిల్లలో అంగన్‌వాడీ పిల్లలతోనే నా బతుకంతా గడిచింది. ఏ పిల్లనైనా మెచ్చుకోవాల్సి వస్తే మిగతా పిల్లలందరూ వినేట్టు మెచ్చుకున్నాను తప్ప, పక్కకు పిలిచి ఏనాడూ చెప్పలేదు. ఈనాటికీ ఎవరైనా నన్ను దగ్గరకు తీసుకుని గొంతు తగ్గిస్తే నా మనసు ఒక అడుగు వెనక్కి వేస్తుంది. టీచరమ్మను మాత్రం నేను పూర్తిగా తిట్టుకోలేను. ఆ మాట నమ్మి తిరిగిన కొద్ది రోజుల్లో ఉన్నంత సంతోషం తర్వాత ఏ మెచ్చుకోలూ నాకు ఇవ్వలేదు. అది దొంగ సంతోషమని తెలుసు. అయినా ఇంత వయసొచ్చినా దాన్ని పారేయలేకపోయాను.