పైపుకు చుట్టిన సైకిల్ ట్యూబు

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. చెప్పుకునే మనిషి లేక మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చకండి.

కొల్లాపూర్ అవతల కృష్ణ రేవులో నేను బోట్ల మెకానిక్‌ని. తెలంగాణ వచ్చిన కొత్తలో అక్కడ ఒక పాత పెట్రోలు బోటు ఉండేది. ఇంజను బోటు కడుపులోనే, చెక్క మూత కింద. దాన్ని నడిపేది మా అక్క పెనిమిటి, మా బావ.

శివరాత్రి ముందు ఆ బోటులో పెట్రోలు వాసన మొదలైంది. ట్యాంకు చూశాను. కార్బురేటర్ విప్పాను. బిగింపులన్నీ గుడ్డతో తుడిచి చూశాను. ఎక్కడా తడి లేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే వాసన వస్తోందని తట్టాక, పలకల కింద చెయ్యి దూర్చి, పెట్రోలు పోసే పైపును తడిమాను. అడుగువైపు, కంటికి కనబడని చోట రబ్బరు పగిలి ఉంది. దొరికిందని ఎంత సంబరపడ్డానో.

కొత్త పైపు హైదరాబాద్ నుంచి రావాలి. అప్పటిదాకా బోటు ఆగాలి. శివరాత్రి జాతర పూట బోటు ఆపించాడని నలుగురూ అంటారు. నా భయం అదొక్కటే. పగులు మీద సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టాను. పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి వదులవుతుందని నాకు తెలియదా? తెలుసు. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. బావకు మాత్రం బాగైందని చెప్పాను.

శివరాత్రి పొద్దున్నే రేవు నిండా జనం. ట్యాంకు నింపాక బావ ఒక్కడే బోటెక్కాడు.

"ఇంకా వాసన వస్తాంది కదరా. మూత తీసి జర గాలి ఆడనిద్దామా?" అన్నాడు.

"ఇప్పుడే పోసినం కద బావా, గట్లనే ఉంటది. జనం ఆగుతలేరు, నువ్వు స్టార్ట్ చెయ్యి."

"నువ్వు చూసినవంటే ఇగ ఫికర్ లేదు."

బటన్ నొక్కాడు. మంట మూతను ఎగరగొట్టింది.

ప్రాణం దక్కింది. చేతులు కాలి, వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. బావ దవాఖానలో ఉండగా నేను ఆ కాలిన పైపు విప్పి నదిలో పారేశాను. తర్వాత ఎవరు పైపు మాట ఎత్తినా గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. కానీ నన్నెవరూ అనుమానించలేదు. మా రేవులో గంగమ్మకు కొబ్బరికాయ కొట్టనిదే మొదటి ట్రిప్పు కదలదు. ఆ రోజు నా తొందరలో పడి బావ కొట్టలేదు. అమ్మను మరిచినందుకు అమ్మే చేతులు తీసుకుందని అతను నమ్మాడు. ఊరు నమ్మింది. అక్క కూడా నమ్మింది. అన్నం కలిపి అతని నోట్లో ముద్ద పెడుతూ ఆ మాటే ఎత్తిపొడిచేది. బావ తల వంచుకుని నమిలేవాడు. పక్కనే కూర్చుని నేనూ తినేవాణ్ణి. ఎలా దిగింది నాకు ఆ ముద్ద?

ప్రతి శివరాత్రికీ తప్పు కాయమని గంగమ్మను వేడుకోవడానికి బావ రేవుకు వచ్చేవాడు. కొబ్బరికాయ పట్టుకోలేడు కదా, నన్ను కొట్టమనేవాడు. కొట్టేవాణ్ణి. దండం పెట్టడానికి చేతులు కలవక అతను నీళ్లవైపు చూస్తూ ఏడ్చేవాడు. ఒక్కసారి నావైపు తిరిగి, అసలేం జరిగిందిరా అని అడిగి ఉంటే అక్కడే అంతా చెప్పేసేవాణ్ణని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా అబద్ధమే. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

పోయిన చలికాలం బావ చనిపోయాడు. పోయేముందు కూడా గంగమ్మనే క్షమించమన్నాడు. అక్క ఉంది. ఆమెకు చెప్పాలి. చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఇక్కడ రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. గంగమ్మకు ఏ కోపమూ రాలేదు. బావ ఏ తప్పూ చేయలేదు. పైపు పగిలి ఉందని నాకు తెలుసు.